నాలుగో మేకు

పార్సిలు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, పెట్టె మీది పేరు చదివి, "మేడమ్ లేరా అండీ?" అన్నాడు.

"లేరు" అన్నాను.

"ఎప్పుడొస్తారు?"

"రారు."

అతను ఫోనులో ఏదో వెతుక్కున్నాడు. ఆ సమాధానానికి అందులో గడి ఉన్నట్టు లేదు.

"ఊరెళ్లారా?"

"చనిపోయింది. నేను భర్తని. నేను సంతకం పెట్టొచ్చా?"

"అయ్యో. పెట్టొచ్చండి" అన్నాడు. కాస్త ఆలోచించి, "కార్డు చూపించాలండి. మీదే, ఆవిడది కాదు" అన్నాడు.

కార్డు చూపించి సంతకం పెట్టాను. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, "బరువేం లేదండీ, తేలిగ్గానే ఉంది" అన్నాడు. ఓదార్పుగానే అని ఉంటాడు. ఆ నెలలో నేను విన్న ఓదార్పుల్లో నిజమని తేలింది అదొక్కటే.

పెట్టెలో పచ్చటి బోర్డులు బిస్కెట్ల పొట్లంలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ నా అరచేయంత. వాటికి ఇంకా ఏ భాగమూ అతకలేదు. రాగి గీతలు, సన్నటి కన్నాలు, తెల్లటి అక్షరాలు, అంతే. ఆసుపత్రిలో చివరి రోజుల్లో మా ఆవిడ నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న, "బోర్డులొచ్చాయా?" ఇంకా లేదని చెప్పేవాణ్ని. "వస్తాయిలెండి" అని నన్నే ఊరడించేది.

ఆమె లిఫ్టుల కంపెనీలో రిపేరు విభాగంలో పనిచేసేది. అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టుల బోర్డులు ఆమె బల్ల మీదికి వచ్చేవి. ఇంటికొచ్చాక చేసేదీ ఇంచుమించు అదే పని. కాకపోతే దాన్ని సరదా అనేది.

మా చిన్నప్పుడు ఇళ్లలోకి వచ్చిన మొదటి తరం కంప్యూటర్లు కొన్ని ఉండేవి. కీబోర్డే కంప్యూటరు. టీవీకి తగిలించుకోవాలి. ఏ ప్రోగ్రాము కావాలన్నా టేపురికార్డరు కీచుమంటూ దాన్ని చదివి పెట్టాలి. ఒక ఆట మొదలయ్యేలోపు టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించుకోవచ్చు. వాటికి హార్డ్ డిస్కు పుట్టుకతోనే లేదు. ఆ లేనిదాన్ని ఇన్నేళ్ల తర్వాత అమర్చిపెట్టడం మా ఆవిడ సరదా. "కంప్యూటరు మాట డిస్కుకి తెలీదు. డిస్కు మాట కంప్యూటరుకి తెలీదు. మధ్యలో నా బోర్డు దుబాసీ" అని ఒకసారి నాకు అర్థమయ్యేలా చెప్పింది. నేను హైస్కూల్లో భాష చెబుతాను. ఇంత శ్రమ ఎవరికోసమని అడిగితే, "మీరు చచ్చిపోయిన కవుల మీద పరీక్షలు పెడతారు కదా, ఎవరికోసం?" అంది. నేను మళ్లీ అడగలేదు.

ఈ సరదా ఉన్నవాళ్లకి ఒక క్లబ్బు ఉంది. మోటార్లకి వైండింగ్ చేసే షాపు మీద గదిలో ఆదివారాలు కలుస్తారు. ప్రెసిడెంటు గారు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఫోనెత్తితే కాసేపు "ఊఁ..." అని సాగదీసి గానీ మాట మొదలుపెట్టరు కాబట్టి అందరూ ఆయన్ని చాటుగా డయల్‌టోన్ అంటారు. ఒక డెంటిస్టు ఉంది. సన్నటి పని ఏదున్నా ఆమె చేతికే ఇస్తారు. ఇంకా ఇద్దరు వియ్యంకులున్నారు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

వాళ్లు మాట్లాడుకోకపోవడానికీ క్లబ్బు నియమానికీ సంబంధం ఉంది. వెనకటికి ఒకాయన తయారుచేసిన బోర్డు పనిచేయకపోతే రెండో ఆయన అందులో ఒక గీత కోసి, ఒక తీగ అతికి పని చేయించాడు. ఆ బోర్డు ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. అప్పటికే పిల్లల పెళ్లి అయిపోయింది కాబట్టి ఆగలేదు గానీ, లేకపోతే ఆగేదే. అప్పట్నుంచీ క్లబ్బులో నియమం ఇది: బోర్డు ముగ్గురు సభ్యుల ఎదుట డిస్కుని నడిపించాలి. నడిస్తే, చేసినవాళ్ల పేరుతో గోడకి తగిలిస్తారు. వేరే ఎవరైనా గీత కోసినా, తీగ కలిపినా, గీతలు మళ్లీ గీసినా ఆ బోర్డు వాళ్లదవుతుంది.

ఆ గోడకి మా ఆవిడవి మూడు బోర్డులు వేలాడుతున్నాయి. ఈ కొత్తదానికోసం నాలుగో మేకు తనే ముందుగా కొట్టి ఉంచింది. ఏడాదిగా దానికి ప్రెసిడెంటు గారు గొడుగు తగిలిస్తున్నారు.

నాకు కావలసింది ఆ గొడుగు అక్కణ్నుంచి తీయడం. ఇంకేమీ కాదు.

తర్వాతి ఆదివారం పెట్టె పట్టుకుని వెళ్లాను. అందరూ లేచి నిలబడ్డారు, ఆమె ఎంత గొప్ప మనిషో చెప్పారు. "ఒక్క తప్పు చేసిన మనిషి కాదు మాస్టారూ" అన్నారు ప్రెసిడెంటు గారు. చితి దగ్గరా ఇదే అన్నారు, స్టాఫ్‌రూములోనూ ఇదే అన్నారు. ఒక్క తప్పు కూడా చేయని ఆ మనిషిని నేనెప్పుడూ కలవలేదు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ ఎవరో పెద్దావిడ ఫోటో ముందు నిలబడినట్టుండేది.

డెంటిస్టు ఒక బోర్డు తీసుకుని అక్కడే చిప్పులు, కనెక్టరు అతికింది. పాత కంప్యూటరు వెనక గాడిలో బోర్డు గుచ్చి, బోర్డు నుంచి డిస్కుకి వెడల్పాటి కేబులు వేసి, స్విచ్చి నొక్కారు. డిస్కు మీద ఎర్ర లైటు వెలిగింది. వెలిగి అలాగే ఉండిపోయింది. డిస్కు తిరగలేదు. డిస్కు సిద్ధంగా లేదని టీవీ మీద వచ్చింది.

డిస్కు మార్చారు. కేబులు మార్చారు. "ఈ వీధిలో వోల్టేజి ఎప్పుడూ తక్కువే" అన్నాడు పెద్ద వియ్యంకుడు, ఎవరికీ చెప్పనట్టు. "వోల్టేజికేం, దివ్యంగా ఉంది. కొందరికి దేనికైనా వీధే కారణం" అన్నాడు చిన్న వియ్యంకుడు, ఫ్యానుతో. డెంటిస్టు టంకం వేసిన చోటల్లా భూతద్దంతో చూసి, తన వల్లేనేమోనని అందరికీ క్షమాపణ చెప్పింది. ప్రెసిడెంటు గారు మా ఆవిడ గీసిన సర్క్యూటు బొమ్మ పరిచి గీత గీతకీ వేలు పెట్టి చదివారు. బొమ్మలో లోపం లేదు. ఆ సాయంత్రం ఆ గదిలో అనుమానించనిది ఒక్క మా ఆవిడనే.

చివరికి ప్రెసిడెంటు గారు "ఊఁ..." అన్నారు. తర్వాత, "ఈ మిషనుకీ ఈ డిస్కుకీ కుదరదేమో మాస్టారూ. ఇది ఎవరి లోపమూ కాదు. నేను మొత్తం గీతలు మళ్లీ గీస్తాను. దాని మీద 'ఫలానావారి స్మృతికి' అని అచ్చు వేయిద్దాం. బాగుంటుంది" అన్నారు.

"అప్పుడది ఎవరి బోర్డు అవుతుందండీ?"

ఆయన ఇబ్బందిగా వియ్యంకుల వైపు చూశారు. "నియమం ప్రకారం... నాదవుతుంది."

"వచ్చే ఆదివారం దాకా ఆగండి" అన్నాను. ఆగి నేనేం చేస్తానో ఎవరూ అడగలేదు. నాకు టంకం వేయడం రాదనీ, ఇంట్లో బల్బు మార్చడానికి కూడా ఆమే స్టూలెక్కేదనీ వాళ్లందరికీ తెలుసు.

మర్నాడు మా బామ్మర్ది వచ్చాడు. వాడికి కళ్లజోళ్ల షాపు ఉంది. అక్క పోయినప్పట్నుంచీ వారానికోసారి వచ్చి, నా కళ్లజోడు తీసుకుని, తుడిచి, మరలు బిగించి ఇచ్చి వెళ్తాడు. ఏం మాట్లాడాలో తెలియని మనిషి చేయగలిగింది అదే.

నేను భోజనాల బల్ల మీద బోర్డు పెట్టుకుని చూస్తున్నాను.

"ఏం కనబడుతోంది బావా?"

"ఏమీ కనబడట్లేదు."

"అయితే నంబరు మారిందేమో. షాపుకి రా." నా ఎదురు కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుస్తూ బోర్డు వైపు తొంగి చూశాడు. "ఇదేంటి, దీనిమీద కుడి, ఎడమ అని కూడా రాసిందా? అక్కే?"

కనెక్టరు ఉండే చోట రెండు నిలువు వరసల కన్నాలున్నాయి. ఒక వరస పక్కన 'ఎడమ' అనీ రెండో వరస పక్కన 'కుడి' అనీ తెల్లటి అక్షరాలు.

"ధైర్యమే" అన్నాడు వాడు.

నేను వాడి ముఖం వంక చూశాను. కళ్లజోడు వాడి చేతిలో ఉంది కాబట్టి సరిగా కనబడలేదు.

"అలా చూస్తావేంటి? నీకు తెలీదా ఏంటి? చిన్నప్పుడు అమ్మ దాని కుడిచేతికి సిరా చుక్క పెట్టి బడికి పంపేది. ఏ రోజైనా చెయ్యి కడుక్కుందా, డ్రిల్లులో ఎదురుదాన్ని ఢీకొట్టి వచ్చేది. నుదురు మీద బొప్పి చూసి ఇవాళ చుక్క చెరిగిందని చెప్పేసేవాళ్లం."

నాకు తెలుసు. స్కూటరు మీద వెనక కూర్చుని "ఎడమకి తిప్పండి" అంటూ కుడివైపు చెయ్యి చాపేది. పెళ్లయిన కొత్తలో రెండుసార్లు దారి తప్పాక, ఆమె మాట వినడం మానేసి చెయ్యి చూడటం మొదలుపెట్టాను. తర్వాతెప్పుడూ దారి తప్పలేదు. పెద్దయ్యాక సిరా చుక్క అవసరం లేకుండా పోయింది. సోల్డరింగ్ ఐరన్‌తో కాలిన మచ్చ ఒకటి కుడి బొటనవేలి కింద ఉండేది. కుడి అనేముందు ఒకసారి ఆ మచ్చ వంక చూసుకునేది. చూసుకున్నట్టు ఎవరికీ తెలియదనుకునేది.

ఈ బోర్డు గీతలు ముగించింది ఆసుపత్రి మంచం మీద, ల్యాప్‌టాప్‌లో. చేరిన రోజు నర్సు, "ఎడమ చెయ్యి ఇవ్వండమ్మా, సెలైను పెట్టాలి" అంది. మా ఆవిడ కుడి చెయ్యి చాపింది. ఆమెకి అదే సౌకర్యం కాబోలనుకుని నర్సు సూది గుచ్చి, బొటనవేలిదాకా ప్లాస్టరు చుట్టింది. మచ్చ ఆ ప్లాస్టరు కింద ఉండిపోయింది. ఎడమ చేత్తో తిప్పలు పడుతూ బోర్డు ముగించి, ఫ్యాక్టరీకి పంపి, "అయిపోయింది" అని దిండు మీదికి వాలింది.

"బావా?" అన్నాడు మా బామ్మర్ది.

"నా కళ్లజోడిస్తావా?" అన్నాను.

డెంటిస్టుకి ఫోను చేశాను. "డాక్టరు గారూ, ఆ కనెక్టరులో ఎడమ వరస కుడికీ, కుడి వరస ఎడమకీ పడి ఉండొచ్చా?"

కాసేపు అవతల నుంచి పన్ను అరగదీసే మిషను చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత అది ఆగింది. "ఆఖరి పేషెంటు వెళ్లాక రండి మాస్టారు గారూ" అంది.

ఆమె క్లినిక్కులో ఖాళీగా ఉన్న కుర్చీ ఒకటే. అందులో కూర్చున్నాను. లైటు నా ముఖం మీదికి రాగానే నోరు దానంతటదే తెరుచుకుంది. "మూసుకోవచ్చండీ, బోర్డు చూడటానికే" అంది. పనిముట్ల పళ్లెంలో బోర్డు పెట్టి, మీటరు ముళ్లు అటొకటి ఇటొకటి ఆనించింది. మీటరు కూత పెట్టింది.

"అదీ సంగతి. డిస్కుకి 'మళ్లీ మొదలుపెట్టు' అని చెప్పే పిన్ను ఒకటుంటుంది. అది పక్క వరసలోని గ్రౌండు పిన్ను, అంటే ఎర్తు చోట పడింది. ఎర్తుకి తగిలితే ఆ మాట చెప్పినట్టే. స్విచ్చి వేసినప్పట్నుంచీ దానికి 'మళ్లీ మొదలుపెట్టు, మళ్లీ మొదలుపెట్టు' అనే చెబుతున్నాం. ఇంక అదేం చేస్తుంది పాపం, కూర్చుంది." ముళ్లు కింద పెట్టింది. "సర్క్యూటు బొమ్మ సరిగ్గానే ఉంది. బోర్డు మీదికి ఎక్కించేటప్పుడు కనెక్టరుని డిస్కు వైపు నుంచి చూసి గీశారు. బోర్డు వైపు నుంచి చూడాలి. ఈ పనిలో కొత్తవాళ్లు చేసే పొరపాటు. ఆవిడ చేశారంటే..."

"నేను నమ్ముతాను" అన్నాను.

నేనంత తొందరగా ఒప్పుకోవడం ఆమెకి నచ్చలేదనుకుంటాను. "సరిచేయొచ్చు. గీతలన్నీ కోసి, వరసకి వరస తీగలతో మార్చాలి. చేస్తాను. కానీ అప్పుడు బోర్డు నాదవుతుంది" అంది. అంటూనే తల దించుకుంది.

స్కూటరు మీద నేను మా ఆవిడ మాటని దిద్దే ప్రయత్నం చేయలేదు. బండి తిప్పేవాణ్ని. ఇక్కడ తిప్పడానికేముందా అని బోర్డు చేతిలోకి తీసుకున్నాను. ఆ పెద్ద లైటుకి ఎదురుగా పట్టుకుంటే గీతలు అవతలి వైపుకి లీలగా కనిపించాయి. పలచటి కాగితం మీద పిల్లలు ఒత్తి రాస్తే అక్షరాలు వెనక్కి తిరగబడి కనిపిస్తాయి. ఆ కాగితాన్ని వెనక నుంచి వెలుగుకి పెట్టి చూసే అలవాటు నాకుంది.

"డాక్టరు గారూ, కనెక్టరుని అటువైపు నుంచి పెడితే?"

"ఎటువైపు నుంచి?"

"కింది వైపు నుంచి."

ఆమె బోర్డు తీసుకుంది. తిరగేసింది. మళ్లీ తిరగేసింది. పళ్లెంలోంచి పళ్లు చూసే చిన్న అద్దం తీసి బోర్డు కింద పెట్టి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మాస్కు ఉండటం వల్ల కళ్లలోంచే నవ్వాల్సి వచ్చింది.

"పొద్దున్నించి సాయంత్రందాకా అద్దంలో చూసి పళ్లు పీకేదాన్ని. నాకెందుకు తట్టలేదండీ?"

"మీరు ఆమె తప్పు చేయదనుకున్నారు."

ఆమె నేను తెచ్చిన పెట్టెలోంచి కొత్త బోర్డు తీసి ఐరన్ వేడి చేసింది. క్లినిక్కంతా మా ఆవిడ టంకం వేసుకునే మా ఇంటి వెనక గది వాసన వచ్చింది. నేను లైటు కింద కళ్లు మూసుకుని కూర్చున్నాను. పన్ను నొప్పి కాదు కదా అని ఆమె మధ్యలో ఒకసారి అడిగింది. కాదన్నాను.

ఆదివారం మరో చిక్కు వచ్చింది. కనెక్టరు కిందికి ఉంది కాబట్టి బోర్డు గాడిలో పెడితే కేబులు బల్లకి తగులుతోంది. కంప్యూటరుని ఎత్తు చేయాలి. నా సంచీలో నల్లబల్ల తుడిచే డస్టర్లు రెండున్నాయి. కంప్యూటరు వాటి మీద కూర్చుంది.

ప్రెసిడెంటు గారు వంగి కిందికి చూశారు. "ఊఁ..." అన్నారు. "ఇది... ఇలా ఉండాలనే గీశారా ఆవిడ?"

"లేదండి, తప్పే" అన్నాను. "ఆమెకి కుడి ఎడమలు తెలిసేవి కావు."

"మేడమ్‌కా?"

"మేడమ్‌కే."

చిన్న వియ్యంకుడు, "అందుకేనా, ఓసారి మా ఇంటికి దారి చెబితే గంటసేపు..." అని మొదలుపెట్టి మానేశాడు. నేను తల ఊపేసరికి మళ్లీ అందుకుని, దారి తప్పిన ఆమెని వెతుక్కుంటూ వెళ్తే, ఆమె తనకే దారి చెప్పి, తననీ తప్పుదారి పట్టించిన సంగతి మొత్తం చెప్పాడు. డెంటిస్టు నవ్వింది. ఎన్నో వారాల తర్వాత నాకు తెలిసిన మనిషి ఆ గదిలోకి వచ్చింది.

"నవ్వులు సరే" అన్నాడు పెద్ద వియ్యంకుడు. "ఉండాల్సిన వైపు కాకుండా వేరే వైపు పెట్టడం మార్పు కాదా? నియమం సంగతేంటి? నేను మేడమ్‌కి వ్యతిరేకం కాదు. నియమం గురించి అడుగుతున్నా."

"గీత కోశారా?" అన్నాడు చిన్న వియ్యంకుడు, ఆయన వైపే తిరిగి.

"లేదు."

"తీగ కలిపారా?"

"లేదు."

"మరింకేంటయ్యా నీ బాధ, బావగారూ?"

అడిగాక ఇద్దరికీ తెలిసింది, తిన్నగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నామని. పెద్ద వియ్యంకుడు గొంతు సవరించుకుని, "బాధేం లేదు" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకోలేదని విన్నాను.

ప్రెసిడెంటు గారూ వియ్యంకులిద్దరూ సాక్షులుగా కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. స్విచ్చి నన్ను వేయమన్నారు. ఎక్కడుందో డెంటిస్టు చూపించింది. వేశాను. ఎర్ర లైటు వెలిగింది. అక్కడిదాకా కిందటిసారి కూడా వచ్చింది కాబట్టి ఎవరూ సంబరపడలేదు. లైటు ఆరింది. డిస్కు లోపల ఏదో చిన్నగా గుక్క తిప్పుకున్నట్టయింది. తర్వాత సన్నటి జోరీగ మోత మొదలై, పెరిగి, ఒకచోట నిలబడింది. టీవీ మీద ప్రోగ్రాముల పేర్లు వరసగా వచ్చాయి. డెంటిస్టు ఒకటి నొక్కింది. టీ కాచుకోవడం మాట అటుంచి, గ్లాసు అందుకునేలోపే ఆట మొదలైంది.

"నడిచింది" అన్నారు ప్రెసిడెంటు గారు. "నడిచింది" అన్నాడు పెద్ద వియ్యంకుడు. "అదే, నడిచింది" అన్నాడు చిన్న వియ్యంకుడు, తన సాక్ష్యం విడిగా లెక్కకి రావాలన్నట్టు.

ప్రెసిడెంటు గారు లేచి గొడుగు తీశారు. ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నారు. నేను బోర్డు మేకుకి తగిలించాను. వెనక కనెక్టరు ఉండటంవల్ల మిగతావాటిలా గోడకి అతుక్కోలేదు. వేలెడు ఎడంగా, కాస్త ముందుకి వంగి నిలబడింది. కింద ఆమె పేరున్న చీటీ అంటించారు. ఆసుపత్రిలో అడిగిన ప్రశ్నకి జవాబు ఆ గోడకి చెప్పాలనిపించింది. అందరూ ఉన్నారు కాబట్టి చెప్పలేదు.

మిగిలిన బోర్డులకోసం అప్పటికే వేరే ఊళ్లనుంచి కొందరు రాసి ఉన్నారు. "ఇవి పంపించేద్దాం. తర్వాత అచ్చు వేయించేటప్పుడు కనెక్టరు దిద్దుకుందాం, ఏమంటారు మాస్టారూ? అది మీ అనుమతితోనే. పేరు ఆవిడదే ఉంచుతాం, నియమం సవరిస్తాం" అన్నారు ప్రెసిడెంటు గారు.

నేను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ చేస్తున్న పని దిద్దడమే. ఎర్ర సిరా లేకుండా ఇల్లు కదలను.

"దిద్దొద్దండి" అన్నాను.

"ఊఁ..." అన్నారు ఆయన. ఈసారి మామూలుకన్నా ఎక్కువే సాగదీశారు. తర్వాత, "అయితే ప్రతి పార్సిల్లోనూ ఒక సూచన కాగితం పెట్టాలి. భాష మీది కదా, మీరే రాయండి. కారణం కూడా రాయండి. లేకపోతే జనం మనకి తెలియదనుకుంటారు" అన్నారు.

ఇంటికెళ్లి రాశాను. కారణం దగ్గర చాలాసేపు ఆగాను. రాసినవి కొట్టేశాను. చివరికి మిగిలింది ఇది, ఇప్పటికీ పార్సిల్లో ఇదే వెళ్తోంది:

"కనెక్టరును కింది వైపు నుంచి అతకాలి. కంప్యూటరు కింద ఎత్తు పెట్టాలి. బోర్డు మీద ఎడమ అని ఉన్నచోట కుడి అని చదువుకోవాలి. మిగతా అంతా ఆమె చెప్పినట్టే."